పుట్టగొడుగు, ఎర్ర మాత్ర, ఆకుపచ్చ కప్ప: హిప్పీల సరంజామా ఫార్ రైట్ చేతికి ఎలా చేరింది?

2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనంలోకి చొరబడ్డ ట్రంప్ అభిమానుల గుంపులో ఒకడి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. తల మీద కొమ్ముల బొచ్చు టోపీ, మొహాన ఎరుపు తెలుపు నీలం రంగులు, ఒంటి మీద చొక్కా లేదు. జేకబ్ చాన్స్‌లీ అనే ఆ మనిషి తాను షామన్‌నని చెప్పుకునేవాడు. షామన్ అంటే పూనకంలో వేరే లోకాలు చూసొచ్చే గిరిజన మంత్రవైద్యుడి లాంటివాడు. అరెస్టయ్యాక ఆర్గానిక్ తిండి అయితేనే ముడతానన్నాడు. జడ్జి ఆ ఏర్పాటు చేయించారు. 41 నెలల శిక్ష పడింది. 2025లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టినవాళ్లలో అతనూ ఉన్నాడు.

వేషం చూస్తే 1967 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో హిప్పీ. చేసిన పని చూస్తే ఫార్ రైట్. ఎల్ఎస్డీ, పొడుగు జుట్టు, యుద్ధ వ్యతిరేకత, ప్రేమ, శాంతి అన్నీ ఒకే మూటగా గుర్తుపెట్టుకున్నవాళ్లకు ఇది తికమకగానే ఉంటుంది. పైగా ఇప్పుడు సైకెడెలిక్ మందుల పరిశోధనకు డబ్బిస్తున్నవాళ్లలో, చట్టాలు చేస్తున్నవాళ్లలో రిపబ్లికన్లు తక్కువేమీ లేరు. హిప్పీలు మారిపోయారా, మందు మారిందా, లేక ఆ మూటే మనం తప్పుగా కట్టుకున్నామా? ఎక్కువ తప్పు మూడోదాంట్లోనే ఉంది.

మాటల దగ్గరే మొదటి చిక్కు

సైకెడెలిక్ అనే మాటను 1950ల మధ్యలో హంఫ్రీ ఆస్మండ్ అనే సైకియాట్రిస్టు పుట్టించాడు. గ్రీకు మూలాల్లో దాని అర్థం 'మనసును బయటపెట్టేది'. ఎల్ఎస్డీ, కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్, పెయోటీ అనే నాగజెముడు జాతి మొక్కలోని మెస్కలిన్, డీఎంటీ ఈ కోవలోవి. గంజాయి, హెరాయిన్, కొకైన్ ఇందులోకి రావు. ఎండీఎంఏ (ఎక్‌స్టసీ) దగ్గరి చుట్టమే కానీ అసలు కుటుంబ సభ్యురాలు కాదు. మన దగ్గర ఎల్ఎస్డీ అనగానే 2017 హైదరాబాద్ డ్రగ్స్ కేసు గుర్తొస్తుంది. భారత చట్టం ప్రకారం 0.1 గ్రాము ఎల్ఎస్డీ ఉంటే చాలు, అది 'వాణిజ్య పరిమాణం', కనీస శిక్ష పదేళ్లు. 0.1 గ్రాము మరీ పిసరంత అనిపించవచ్చు గానీ, మోతాదుకు 100 మైక్రోగ్రాముల చొప్పున లెక్కేస్తే వెయ్యి మోతాదులు.

కౌంటర్‌కల్చర్ అంటే చలామణిలో ఉన్న పద్ధతులకు ఎదురుగా నిలబడి వేరే బతుకును కట్టుకోవాలనే గుంపు. ఎదురు నిలబడటం అనేది వైఖరి మాత్రమే, సిద్ధాంతం కాదు. ఈ తేడా ముందుముందు పనికొస్తుంది.

ఇక 'ఫార్ రైట్'. తెలుగు పత్రికలు రైట్ వింగ్‌ను మితవాదం అంటాయి. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో మితవాదులంటే గోఖలే లాంటి నెమ్మదస్తులు. దానికి 'అతి' తగిలిస్తే 'అతి మితవాదం' అనే విచిత్రమైన మాట తయారవుతుంది. అందుకే ఇక్కడ ఫార్ రైట్ అనే వాడుతున్నాను. మామూలు కన్సర్వేటివ్‌లు వేరు, వీళ్లు వేరు. మనుషుల్లో జాతులవారీగా పుట్టుకతోనే ఎక్కువ తక్కువలున్నాయని, దేశం ఒక జాతికో సంస్కృతికో సొంతమని, అవసరమైతే ప్రజాస్వామ్యాన్ని పక్కన పెట్టొచ్చని నమ్మేవాళ్లు ఫార్ రైట్. ట్రంప్‌కు ఓటేసిన ప్రతివాడూ ఫార్ రైట్ కాదు. ఈ గీత చెరిపేస్తే చర్చ తిట్ల పంచాంగం అవుతుంది.

మందు మెదడులో చేసే పని

స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో సాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్మన్ 1938లో ఎల్ఎస్డీ తయారుచేశాడు. దాని ప్రభావం తెలిసింది 1943 ఏప్రిల్‌లో. ఆ నెల 19న కావాలనే 250 మైక్రోగ్రాములు మింగి, సైకిల్ మీద ఇల్లు చేరడానికి నానా అవస్థా పడ్డాడు. చాలా చిన్న మోతాదుతో మొదలుపెడుతున్నానని అతను అనుకున్నాడు. నిజానికి అది మామూలు మోతాదుకు రెట్టింపు పైమాటే.

ఈ మందులు మెదడులో సెరటోనిన్‌కు చెందిన 5-హెచ్‌టీ2ఏ అనే గ్రాహకాలను తట్టిలేపుతాయి. ఆ తర్వాత జరిగేదాని మీద 2019లో రాబిన్ కార్‌హార్ట్ హ్యారిస్, కార్ల్ ఫ్రిస్టన్ ప్రతిపాదించిన వివరణ బాగా చెలామణిలో ఉంది. మెదడు లోకాన్ని ఉన్నదున్నట్టు చూడదు, ముందే ఒక అంచనా వేసుకుని చూస్తుంది. నేనెవరు, ఎవరిని నమ్మాలి, ఏది సాధ్యం అనేవి ఆ అంచనాల్లో బాగా గట్టిపడినవి. సైకెడెలిక్ వాటి పట్టు సడలిస్తుంది. గట్టిపడ్డ మట్టి మీద నీళ్లు చల్లినట్టు కొంతసేపు మెత్తబడుతుంది. తిరిగి ఆరేటప్పుడు ఏ ఆకారం తీసుకుంటుందనేది నీళ్ల చేతిలో లేదు.

2015లో పదిమంది ఆరోగ్యవంతుల మీద చేసిన చిన్న ప్రయోగంలో, ఎల్ఎస్డీ ప్రభావంలో ఉన్నప్పుడు ఎదుటివాళ్లు సూచించినదాన్ని ఊహించుకుని అందులో లీనమయ్యే గుణం పెరిగినట్టు కనబడింది. 1960ల నుంచీ ఈ రంగంలో వాడుకలో ఉన్న 'సెట్ అండ్ సెట్టింగ్' అనే మాట అర్థం ఇదే. వేసుకునేవాడి మనఃస్థితి, చుట్టూ ఉన్న మనుషులూ గదీ కలిసి అనుభవానికి రూపమిస్తాయి.

మరి ఇవి మనిషిని ఉదారవాదిగా మారుస్తాయన్న ప్రచారం ఎక్కడిది? 2018లో వచ్చిన ఒక పరిశోధన పత్రం దీనికి బాగా వాడబడింది. మొండి డిప్రెషన్ ఉన్నవాళ్లకు వారం తేడాతో 10, 25 మిల్లీగ్రాముల సైలోసైబిన్ ఇచ్చారు. ఆ తర్వాత నియంతృత్వ భావాల స్కోరు తగ్గింది. వార్తల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. కానీ ఆ రోగులు ఏడుగురు. పోల్చి చూసినవాళ్లు మరో ఏడుగురు, వాళ్లకు డిప్రెషనూ లేదు, మందూ ఇవ్వలేదు. తగ్గిన స్కోరుకు కారణం మందా, డిప్రెషన్ తగ్గడమా, లండన్‌లో సైకెడెలిక్ పరిశోధకుల గదిలో ఆప్యాయంగా గడిపిన గంటలా? ఆ లెక్కతో తేల్చలేం. అంతకు ముందు ఏడాది దాదాపు 900 మందితో చేసిన ఆన్‌లైన్ సర్వేలో కూడా సైకెడెలిక్‌లు వాడినవాళ్లు ఉదార భావాల వైపు మొగ్గారు. అక్కడా అదే చిక్కు: ఉదార భావాలున్నవాళ్లే ఈ మందుల జోలికి ఎక్కువగా వెళ్లి ఉండొచ్చు కదా!

ఎదురు ఉదాహరణలకు కొదవ లేదు. జర్మన్ రచయిత ఎర్న్‌స్ట్ యుంగర్ మొదటి ప్రపంచ యుద్ధాన్ని వీరగాథగా రాసినవాడు. 1920ల్లో జర్మనీలో ఉన్న వైమర్ ప్రజాస్వామ్యం మీద నిప్పులు చెరిగిన జాతీయవాది, నాజీ పార్టీలో మాత్రం చేరలేదు. అతను హాఫ్మన్‌కు ఆప్తమిత్రుడు. 1951లో హాఫ్మన్‌తో కలిసి ఎల్ఎస్డీ తీసుకున్నాడు. ఈ రంగంలో అందరూ వాడే 'సైకోనాట్' అనే మాట 1970లో అచ్చయిన అతని పుస్తకంలో ఉంది. అంటే హిప్పీలు పుట్టకముందే ఎల్ఎస్డీకి ఒక రైట్ వింగ్ భక్తుడున్నాడు. కాలిఫోర్నియాలో చార్లెస్ మాన్సన్ తన శిష్యులకు ఎల్ఎస్డీ ఇస్తూ నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ యుద్ధం రాబోతోందని నూరిపోశాడు. 1969 ఆగస్టు హత్యలు దాని పర్యవసానం. జపాన్‌లో ఓమ్ షిన్రిక్యో అనే మతముఠా తానే ఎల్ఎస్డీ తయారుచేసి దీక్షల్లో వాడింది. 1995 మార్చి 20న టోక్యో సబ్‌వేలో సారిన్ విషవాయువు వదిలింది వాళ్లే.

దీనికి తిరగబడ్డ ఉదాహరణా ఒకటుంది. చికాగో విశ్వవిద్యాలయంలో ఎండీఎంఏ ప్రయోగంలో పాల్గొన్న ఒకతను, ఫారం చివర తన పేరు గూగుల్‌లో వెతకమని రాశాడు. వెతికితే శ్వేతజాతి ఆధిక్యవాద సంస్థలో స్థానిక నాయకుడని తేలింది. మందు తర్వాత మనసు మారిందన్నాడు. వార్తాసంస్థలకు ఇంతకన్నా ఏం కావాలి? అయితే అప్పటికే అతని గుట్టు ప్రత్యర్థులు బయటపెట్టారు, ఉద్యోగం పోయింది. ఆ దెబ్బతో మనసు అప్పటికే కదిలి ఉండవచ్చు.

2021లో బ్రయాన్ పేస్, నేషె దెవెనోట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటివన్నీ పోగేసి ఒక మాట ప్రతిపాదించారు: రాజకీయంగా సైకెడెలిక్‌లు మూలకణాల వంటివి. ఒకే మూలకణం ఎముకా కావచ్చు, చర్మమూ కావచ్చు. చుట్టూ ఏముందో దాన్నిబట్టి. ఇప్పటికి ఉన్న ఆధారాలకు ఇంతకన్నా సరిపోయే పోలిక నాకు కనబడలేదు.

ఊరేగింపువాళ్లు, ఊరొదిలినవాళ్లు

మందు సంగతి అది. మనుషుల సంగతికొస్తే, 1960ల అమెరికా యువతను ఒకే గుంపుగా చూడటం పెద్ద పొరపాటు. ఒక పాయ న్యూ లెఫ్ట్: సంఘాలు, కరపత్రాలు, ఊరేగింపులు, వియత్నాం యుద్ధం మీద పోరాటం. రెండో పాయకు రాజకీయమంటేనే మొహం మొత్తింది. చైతన్యం మారితే లోకం అదే మారుతుందన్నది వాళ్ల నమ్మకం.

ఈ రెండూ ఎదురుపడ్డ సందర్భం ఒకటి 1965 అక్టోబర్‌లో వచ్చింది. బెర్క్‌లీలో యుద్ధ వ్యతిరేక సభ. వేదిక మీదికి కెన్ కీసీని పిలిచారు. సీఐఏ డబ్బుతో నడిచిన ప్రయోగాల్లో వలంటీరుగా చేరి ఎల్ఎస్డీ రుచి చూసి, తర్వాత దాన్ని పార్టీలుగా పంచిపెట్టిన నవలాకారుడతను. ఊరేగింపులు చేస్తే మీరూ వాళ్ల ఆటే ఆడుతున్నట్టు, యుద్ధానికి వీపు చూపించి వెళ్లిపోండి అని చెప్పి నోటి హార్మోనికా వాయించాడు. నిర్వాహకులు తల పట్టుకున్నారు. 1967 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో ఎల్ఎస్డీ ప్రచారకుడు తిమోతీ లీరీ ఇచ్చిన పిలుపులోనూ చివరి ముక్క 'బయటికొచ్చేయండి' అనే.

బయటికొచ్చినవాళ్లు వేలాది కమ్యూన్లు, అంటే ఉమ్మడిగా బతికే ఊళ్లు, పెట్టారు. కొలరాడోలో 1965లో మొదలైన డ్రాప్ సిటీ వాటిలో పేరున్నది. పాత కార్ల పైకప్పులు కోసి గుమ్మటాల ఇళ్లు కట్టుకున్నారు. 1970ల మొదట్లోనే అది ఖాళీ అయింది. ఇలాంటిచోట్ల ఎందుకు బెడిసికొట్టేదో అప్పటి స్త్రీవాద రచయిత్రి జో ఫ్రీమన్ స్త్రీల బృందాలను చూసి వివరించింది. నియమాలు లేనిచోట అధికారం లేకుండా పోదు, కనబడకుండా పోతుంది అంతే. ఎన్నుకున్న నాయకుడు లేకపోతే మాటకారి, డబ్బున్నవాడు, ఆకర్షణ ఉన్నవాడు నాయకుడవుతాడు. అతన్ని దించడానికి పద్ధతంటూ ఉండదు. వంటా, పిల్లల పెంపకం ఎలాగూ ఆడవాళ్ల నెత్తినే పడ్డాయి. ఈ పాయలో నల్లవాళ్లు బహు తక్కువ. ఇంటర్నెట్‌కు వారసత్వంగా వెళ్లింది ముఖ్యంగా ఈ రెండో పాయ ఆలోచనలే.

కేటలాగ్ నుంచి మోడెమ్‌కు

ఆ వారధి స్టూవర్ట్ బ్రాండ్. 1966 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు రోజుల ట్రిప్స్ ఫెస్టివల్ అనే ఎల్ఎస్డీ సంబరాన్ని నడిపించినవాళ్లలో ఒకడు. 1968లో కమ్యూన్లవాళ్లకు పనిముట్లు, పుస్తకాలు పరిచయం చేసే హోల్ ఎర్త్ కేటలాగ్ మొదలుపెట్టాడు. అదే ఏడాది డిసెంబర్ 9న డగ్లస్ ఎంగిల్‌బార్ట్ మౌస్‌ను, తెర మీద కలిసి పనిచేసే కంప్యూటర్‌ను మొదటిసారి ప్రదర్శించినప్పుడు కెమెరా పనిలో సాయపడ్డాడు. 1985లో లారీ బ్రిలియంట్‌తో కలిసి ది వెల్ అనే డయల్-అప్ సంభాషణ వేదికను పెట్టాడు. ఈ బ్రిలియంట్ భారతదేశంలో నీమ్ కరోలీ బాబా ఆశ్రమంలో ఉండి, ఇక్కడే మశూచి నిర్మూలనలో పనిచేసిన డాక్టరు. వెల్‌కు నిలకడగా డబ్బు తెచ్చిపెట్టినవాళ్లలో గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్ అభిమానులు ముందుండేవారు. పర్సనల్ కంప్యూటరే 1990ల ఎల్ఎస్డీ అని లీరీ కొత్త రాగం అందుకున్నాడు.

ఆ బ్యాండ్‌కు పాటలు రాసిన జాన్ పెరీ బార్లో 1990లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌ను స్థాపించినవాళ్లలో ఒకడు. 1996 ఫిబ్రవరి 8న దావోస్‌లో కూర్చుని సైబర్ లోకానికి స్వాతంత్ర్య ప్రకటన రాశాడు. ప్రభుత్వాల్లారా, మా జోలికి రాకండి అని దాని సారాంశం. ఇందులో చాలామంది మరిచిపోయే ముక్క ఒకటుంది. బార్లో వయోమింగ్‌లో పశువుల రాంచ్ యజమాని, స్థానిక రిపబ్లికన్ నాయకుడు, 1978లో, తర్వాత ఉపాధ్యక్షుడైన డిక్ చెయినీ ఎన్నికల ప్రచారంలో పనిచేసినవాడు. హిప్పీ, రిపబ్లికన్ అనే రెండు మాటలు ఒకే ఒంట్లో ఇమిడిపోవడానికి ట్రంప్ కాలం దాకా ఆగనక్కర్లేదు. టెక్నాలజీ పత్రిక వైర్డ్ 1995 ఆగస్టు ముఖచిత్రం అప్పటి రిపబ్లికన్ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్. ప్రభుత్వం తప్పుకుంటే చాలు, నెట్‌వర్క్ తనంతట తానే మంచి సమాజాన్ని కడుతుందన్న నమ్మకం దగ్గర కమ్యూన్లవాళ్లూ మార్కెట్ భక్తులూ కలిశారు.

బార్లో ప్రకటన రాసిన రోజే క్లింటన్ సంతకంతో వచ్చిన చట్టంలో సెక్షన్ 230 ఉంది. జనం రాసినదానికి వెబ్‌సైటును ప్రచురణకర్తగా చూడకూడదనే 26 ఇంగ్లీషు మాటల వాక్యం దాని గుండెకాయ. అశ్లీలత మీద పెట్టిన ఆంక్షలను సుప్రీంకోర్టు 1997లో కొట్టేసింది, 230 నిలిచింది. ఆ తర్వాత అమెరికాలో వచ్చిన ప్రతి వేదికా దాని నీడలోనే పెరిగింది.

కథ ఇంత సాఫీగా ఉంటే బాగుండేది. రెండు విషయాలు అడ్డం తగులుతాయి. ఒకటి, ఫార్ రైట్ కంప్యూటర్లను హిప్పీల దగ్గర నేర్చుకోలేదు. శ్వేతజాతి ఆధిక్యవాద సంస్థ కూ క్లక్స్ క్లాన్ నాయకుడు లూయిస్ బీమ్ 1984లోనే ఆర్యన్ నేషన్స్ అనే నియో నాజీ ముఠా కోసం మోడెమ్‌తో నడిచే లిబర్టీ నెట్ పెట్టాడు. అంటే వెల్ కన్నా ఏడాది ముందు. రెండు, వెల్‌లో అజ్ఞాతానికి చోటు లేదు. చందా కట్టాలి, అసలు పేరు దొరికేది, 'నీ మాటకు నువ్వే యజమాని' అన్నది నియమం. పేరు లేకుండా, లాగిన్ లేకుండా రాసే పద్ధతి వచ్చింది జపాన్ నుంచి. 1999లో 2చానెల్, 2001లో ఫుటాబా. వాటిని చూసి 2003లో క్రిస్టఫర్ పూల్ అనే అమెరికన్ కుర్రాడు పెట్టిన బొమ్మల బోర్డు ఫోర్‌చాన్. వంశవృక్షంలో ఈ జపాన్ కొమ్మను నరికేసి కాలిఫోర్నియా నుంచి సూటిగా ట్రంప్ దాకా గీత గీసే వ్యాసాలు చాలానే ఉన్నాయి. చదవడానికి బాగుంటాయి, అంతే.

ఎకసెక్కెం ఎక్కడ తిరగబడింది

తీరులో మాత్రం పోలిక బలంగా ఉంది. 1950ల చివర కాలిఫోర్నియాలో గ్రెగ్ హిల్, కెరీ థార్న్‌లీ అనే ఇద్దరు మిత్రులు డిస్కార్డియనిజం అనే వెటకారపు మతం పెట్టారు. దేవత ఏరిస్, అంటే గందరగోళపు తల్లి. రాబర్ట్ ఆంటన్ విల్సన్ వంటి రచయితలు తోడయ్యారు. ఇల్యుమినాటి అనే రహస్య ముఠా లోకాన్ని నడుపుతోందంటూ పత్రికలకు ఉత్తుత్తి ఉత్తరాలు రాయడం వాళ్ల ఆట. పరస్పర విరుద్ధమైన కుట్ర కథలు గుప్పిస్తే జనం దేన్నీ గుడ్డిగా నమ్మని స్థితికి వస్తారని ఆశ.

జరిగింది వేరు. థార్న్‌లీ ఒకప్పుడు మెరైన్ దళంలో, తర్వాత కెనెడీ హంతకుడిగా పట్టుబడ్డ లీ హార్వీ ఆస్వాల్డ్‌తో కలిసి పనిచేశాడు. కెనెడీ హత్య కేసు తవ్విన న్యూ ఆర్లీన్స్ ప్రాసిక్యూటర్ అతని మీద కూడా కేసు పెట్టాడు. చివరికి ఆ హత్య కుట్రలో తనకు తెలియకుండానే తనను వాడుకున్నారని థార్న్‌లీ నిజంగానే నమ్మడం మొదలుపెట్టాడు. కుట్రల మీద జోకులేసినవాడు కుట్రలోనే చిక్కుకుపోయాడు.

ఫోర్‌చాన్‌లో ఇదే ఆట ఎలా నడిచిందో ఒక లెక్కతో చూద్దాం. అక్కడ ప్రతి పోస్టుకూ వరుస సంఖ్య పడుతుంది, రాసేవాడికి అది ముందు తెలియదు. చివరి రెండు అంకెలు ఒకటే అయితే 'డబుల్స్', మూడైతే 'ట్రిపుల్స్'. వెయ్యి పోస్టుల్లో సగటున 100 డబుల్స్ (ట్రిపుల్స్ వగైరా కలిపి), 10 ట్రిపుల్స్, ఒక నాలుగంకెల వరుస వస్తాయి. 'ట్రంప్ గెలుస్తాడు' అని ఒకేరోజు వెయ్యిమంది రాస్తే సగటున పదిమందికి ట్రిపుల్స్ పడతాయి. ఆ పదీ స్క్రీన్‌షాట్లై తిరుగుతాయి, మిగతా 990 ఎవరికీ కనబడవు. తాటికాయ పడటానికి కాకి వాలడమే కారణమనుకున్న కాకతాళీయ న్యాయం ఇదే, కాకపోతే ఇక్కడ కాకులు వేలల్లో వాలుతున్నాయి.

దీనికి ఇంకో అల్లిక కలిసింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో ఎదుటి పక్షంవాడు 'లోల్' అని టైప్ చేస్తే మనకు 'కెక్' అని కనబడుతుంది. అలా 'కెక్' నవ్వుకు మారుపేరైంది. తర్వాత ఎవరో ప్రాచీన ఈజిప్టులో కెక్ అనే చీకటి దేవుడున్నాడని, కప్ప తలతో చూపేవారని కనిపెట్టారు. అప్పటికే ఆ బోర్డుల నిండా మ్యాట్ ఫ్యూరీ 2005లో కామిక్ కోసం గీసిన పెపే అనే ఆకుపచ్చ కప్ప ఉంది. కప్ప, దేవుడు, అంకెలు మూడూ కలిసి 'మీమ్ మ్యాజిక్' అయ్యాయి: బొమ్మలు పంచి ఎన్నికలనే మార్చగలమని సగం జోకు, సగం నమ్మకం. 2016 సెప్టెంబర్‌లో, యూదు ద్వేషం మీద పోరాడే యాంటీ డిఫమేషన్ లీగ్ పెపేను ద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది, అన్ని సందర్భాల్లో కాదంటూనే.

ఆ సగం జోకు దగ్గరే అసలు పని జరిగింది. 2017లో బయటపడ్డ ఒక నియో నాజీ వెబ్‌సైటు శైలి నియమావళి ఇదే చెబుతోంది: మనం పరిహాసమాడుతున్నామో, నిజంగా అంటున్నామో బయటివాడికి తెలియకూడదు. నిలదీస్తే జోకు, నిలదీయకపోతే నిజం. డిస్కార్డియన్లు నమ్మకాన్ని సడలించడానికి వాడిన కీలుతోనే వీళ్లు కొత్త నమ్మకాన్ని బిగించారు.

ఎర్ర మాత్ర ప్రయాణం

'కళ్లు తెరవడం' అనే రూపకం ఎలా చేతులు మారిందో చూడాలంటే ఎర్ర మాత్రను వెంబడిస్తే చాలు. 1999 నాటి ది మ్యాట్రిక్స్ సినిమాలో హీరోకు రెండు మాత్రలు ఇస్తారు. నీలం మింగితే పాత కలలోనే ఉండొచ్చు, ఎర్రది మింగితే లోకం అసలు రూపం తెలుస్తుంది. మాయ తెర తొలగడం అనే సైకెడెలిక్ అనుభవాన్ని ఇంత సూటిగా చూపిన దృశ్యం మరొకటి లేదు. 2007లో బ్లాగు మొదలుపెట్టిన ప్రోగ్రామర్ కర్టిస్ యార్విన్ ఆ మాత్రను ప్రజాస్వామ్యం మీద భ్రమ వదిలించే మందుగా అందించాడు. 2012లో రెడిట్‌లో దాని పేరుతోనే స్త్రీవాద వ్యతిరేక గుంపు వెలిసింది. ఆ దశాబ్దం మధ్యకు వచ్చేసరికి ఫోర్‌చాన్ రాజకీయ బోర్డులో 'రెడ్‌పిల్' క్రియాపదమైంది. ఎవరినైనా రెడ్‌పిల్ చేయడమంటే జాతివాదం, యూదు ద్వేషం ఎక్కించడం. 2020లో ఈలాన్ మస్క్ ఎర్ర మాత్ర వేసుకోమని ట్వీట్ చేస్తే, వేసుకున్నానని ఇవాంకా ట్రంప్ జవాబిచ్చింది. సినిమా తీసిన అక్కాచెల్లెళ్లలో ఒకరైన లిల్లీ వాచోవ్‌స్కీ ఇద్దరినీ కలిపి బూతు తిట్టింది.

వెల్‌నెస్ లోకంలో దీనికో మెత్తని రూపముంది. 2011లో షార్లెట్ వార్డ్, డేవిడ్ వోస్ దానికి 'కాన్‌స్పిరిచువాలిటీ' అని పేరు పెట్టారు, కుట్రవాదమూ ఆధ్యాత్మికతా కలిసిన మాట. ఏదీ కాకతాళీయం కాదు, కనబడేది నిజం కాదు, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి: ఈ మూడు సూత్రాలు యోగా రిట్రీట్‌లోనూ అతుకుతాయి, ఒక రహస్య ముఠా మీద ట్రంప్ పోరాడుతున్నాడని చెప్పే, 2017 అక్టోబర్‌లో పుట్టిన క్యూఅనాన్ అనే కుట్రకథలోనూ అతుకుతాయి. కోవిడ్‌లో ఆ రెండు గుంపులూ టీకా వ్యతిరేక సభల్లో భుజం భుజం కలిపాయి. చాన్స్‌లీ ఆర్గానిక్ తిండి అక్కడి నుంచి చూస్తే వింతే కాదు.

మనకు చిరపరిచితమైన మాట కూడా ఈ దారిలో కనబడుతుంది: కలియుగం. ఇటాలియన్ ఫాసిస్టు తాత్వికుడు యూలియస్ ఎవోలా 1934లో ఆధునిక యుగమంతా కలియుగపు క్షీణతేనని రాశాడు. ఫ్రాన్స్‌లో పుట్టి, 1930ల్లో భారతదేశం వచ్చి సావిత్రీ దేవిగా మారిన మహిళ హిట్లర్‌ను ఏకంగా అవతారాల వరసలో నిలబెట్టింది. హిప్పీలను ఆకట్టుకున్నవీ ఈ యుగాల లెక్కలే! ఇవాళ పాశ్చాత్య ఫార్ రైట్ మీమ్‌లలో కలియుగం కింద నగరాలు తగలబడే బొమ్మలుంటాయి. పాలలో నీళ్లెక్కువైనప్పుడు మన ఇళ్లలో వినబడే విసుగు మాట అక్కడ రాజకీయ కార్యక్రమం.

పండితులు ఎక్కడ విడిపోతారు

ఇవాళ్టి ఫార్ రైట్ కౌంటర్‌కల్చర్ తాను ముక్కే అనేవాళ్ల వాదన ఇలా సాగుతుంది. హద్దు దాటడమే గొప్పతనం, పెద్దల సభ్యతను వెక్కిరించడమే స్వేచ్ఛ అని అరవైలు నేర్పాయి. ఆ సభ్యతను ఇప్పుడు ఉదారవాదులు నిర్ణయిస్తుంటే, దాటేవాడు రైట్ వైపు నుంచే వస్తాడు. 2017లో ఆంజెలా నేగల్ దాదాపు ఇదే వాదించింది. 2016లో రైట్ వింగ్ వెబ్‌సైటు బ్రైట్‌బార్ట్ కూడా ఆల్ట్ రైట్, అంటే ఇంటర్నెట్‌లో పెరిగిన ఫార్ రైట్, కుర్రాళ్లను అరవైల అల్లరి పిల్లలతో పోల్చి మురిసిపోయింది. అక్కడే నాకు అనుమానం: ఫార్ రైట్ తనకు తాను తగిలించుకోవాలనుకునే బిళ్లను విమర్శకులు ఉచితంగా తగిలిస్తున్నారేమో.

రెండోవైపువాళ్లు లూయిస్ బీమ్‌ను చూపిస్తారు. క్లాన్, జాతి ఆధిక్యవాదం, 1930ల ఫాసిజం ఎల్ఎస్డీ లేకుండానే లక్షలాదిమందిని కదిలించాయి. ఉద్యోగాల తీరు మారడం, 2008 ఆర్థిక సంక్షోభం, వలసల మీద కోపం, ఎక్కువసేపు చూసేదాన్నే పైకి తోసే అల్గారిథమ్‌లు వదిలేసి హిప్పీలను తవ్వడం దొంగను వదిలి గొర్రెకు కాపలా కాసినట్టే అంటారు. పరిమాణం దృష్ట్యా వీళ్ల వాదనే బరువైనది. ఎందుకు జనం కదిలారన్నదానికి జవాబు అక్కడే ఉంది. ఏ యాసలో, ఏ బొమ్మలతో కదిలారన్నదానికి మాత్రం మొదటి పక్షం దగ్గరే జవాబుంది.

ఇద్దరికీ ఇబ్బంది కలిగించే ఉదాహరణ హాంకాంగ్. 2019లో అక్కడి ప్రజాస్వామ్య ఉద్యమకారులు హెల్మెట్ పెట్టుకున్న పెపేను గోడల మీద గీశారు. అమెరికాలో ఆ కప్పకున్న పేరు వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు.

ఇప్పుడు డబ్బు ఎటు నుంచి వస్తోంది

2018లో రిపబ్లికన్ దాతలైన మెర్సర్ కుటుంబపు ఫౌండేషన్, మాజీ సైనికుల మానసిక గాయాలకు ఎండీఎంఏ చికిత్స కోసం సైకెడెలిక్ పరిశోధన సంస్థ మ్యాప్స్‌కు 10 లక్షల డాలర్లిచ్చింది. ట్రంప్‌ను తొలినాళ్లలోనే సమర్థించిన పీటర్ థీల్ సైలోసైబిన్ కంపెనీ కంపాస్ పాత్‌వేస్‌లో పెట్టుబడి పెట్టాడు. 2025 జూన్‌లో టెక్సస్ గవర్నర్ ఐబోగేన్ అనే మొక్క నుంచి వచ్చే సైకెడెలిక్ పరిశోధనకు 5 కోట్ల డాలర్ల బిల్లు మీద సంతకం చేశాడు. వీళ్లెవరూ దీనివల్ల ఫార్ రైట్ కారు. మాజీ సైనికుల ఆత్మహత్యలు టెక్సస్‌లో పార్టీలకు అతీతమైన బాధ.

కానీ మందు ఎవరి గదిలో, ఎవరి మాటల మధ్య తీసుకుంటారన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. 2020 ఓటుతో సైలోసైబిన్ సేవలను చట్టబద్ధం చేసిన ఒరెగాన్‌లో దీనికి కాగితం మీద నియమాలున్నాయి. 21 ఏళ్లు నిండాలి. లైసెన్సున్న కేంద్రంలోనే తీసుకోవాలి, ఇంటికి పట్టుకెళ్లకూడదు. పక్కన కూర్చునే సహాయకుడికి కనీసం 120 గంటల శిక్షణ, ఆపైన 40 గంటల ప్రాక్టికల్ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ సహాయకుడు దారి చూపకూడదు. కనబడిన దృశ్యానికి అర్థం చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు, తన నమ్మకం చొప్పించకూడదు. ఆరు గంటలపాటు మెత్తబడి ఉన్న మనసు పక్కన ఇంకో మనిషి ఎంతవరకు మౌనంగా ఉండగలడో ఏ ఇన్‌స్పెక్టరూ గదిలో కూర్చుని కొలవలేడు; పుట్టగొడుగు పొడి బరువును మాత్రం మిల్లీగ్రాముల్లో తూస్తున్నారు.